బంతి రాకముందే జరుగవలసిన సాధన

బేస్‌బాల్ అమెరికాలో పెరిగి జపానులోను వేళ్లూనిన ఆట. క్రికెట్టులో బంతి సాధారణముగా నేలను తాకి లేచివచ్చును. ఈ ఆటలో గాలిలోనే నేరుగా వచ్చును. కొట్టువాని చేతిలోనిది పలక వంటి బ్యాటు గాక గుండ్రని కర్ర. అమెరికాలోని పెద్ద పోటీలలో దాని మందము 2.61 అంగుళములకు మించరాదు. అట్టి కర్రతో గుండ్రని బంతిని సూటిగా తాకుట ఎంత కష్టమో ఊహింపవచ్చును.

బంతి విసరువాని స్థానమునకును, కొట్టువాని యెదుటి పలకకును నడుమ దూరము 60 అడుగుల 6 అంగుళములు. గంటకు 90 మైళ్ల వేగముతో విసరిన బంతి సుమారు 0.4 సెకనులో వచ్చి చేరును. కర్ర త్రిప్పుటకే అందులో 0.15 సెకను పోవును. మిగిలిన పావు సెకనులో బంతి జాడ కనిపెట్టి, కొట్టుటయో మానుటయో నిశ్చయించుకొనవలెను. ఇక మోచేతిని గూర్చియు, పాదమును గూర్చియు ఆలోచించుటకు వ్యవధి యేది? కావున లోపములను ముందుగా సాధనలోనే దిద్దుకొనవలెను.

దెబ్బకు బలము భుజములనుండియే వచ్చునని మనకు తోచును. నిజమునకు అది పాదములతో మొదలగును. వెనుక కాలిమీది బరువు ముందుకు జరుగును; ముందు పాదము నేల నూనగానే నడుము తిరుగును; దాని వెంట మొండెము, భుజములు, కడపట చేతులు కదలును. ఈ వరుస తప్పి చేతులే ముందుగా పరుగెత్తినచో దెబ్బలో పస యుండదు.

ఈ వరుస అలవడుటకు మొదట బంతి లేకయే, అద్దము ముందు మెల్లగా కర్ర త్రిప్పుదురు. సంగీతము నేర్చు పిల్లలు సరళీ వరుసలను మొదటి కాలమున పాడుట వంటిదే యిది. పిమ్మట నడుమెత్తు రబ్బరు కంబముపై బంతి నిలిపి, ఎదుటి వలలోనికి కొట్టుదురు. దీనిని 'టీ' యందురు. బంతి కదలదు గనుక తప్పు తేటగా తెలియును: మాటిమాటికి నేలకు కొట్టుకొన్నచో కర్ర బంతి పైభాగమును తాకుచున్నదనియు, నిట్టనిలువుగా లేచినచో అడుగున తాకుచున్నదనియు గ్రహింపవలెను. తరువాత సహచరుడు ప్రక్కనుండి మెల్లగా ఎగురవేయు బంతి. ఆపైననే మైదానములో విసరు బంతి.

సాధన మహిమకు జపాను ఆటగాడు సదహారు ఓ చక్కని నిదర్శనము. 1959లో యోమియురి జెయింట్స్ జట్టులో చేరిన ఆయన 1961లో కంచె దాటించిన దెబ్బలు, అనగా హోమ్ రన్లు, 13 మాత్రమే. కర్ర త్రిప్పుటకు ముందు చేతులలో వ్యర్థమైన కదలిక యుండెడిది. శిక్షకుడు హిరోషి అరకావా 1962లో ఆయనను ముందు కాలెత్తి, ఒంటికాలిపై నిలిచి బంతికై వేచియుండునట్లు చేసెను. పైకప్పునుండి వ్రేలాడు కాగితపు ముక్కను కత్తితో నరుకు అభ్యాసమును గూడ చేయించెను. తేలిక కాగితము మోటు బలమునకు లొంగదు. కత్తి వాలు సరియైననే తెగును. ఆ సంవత్సరమే హోమ్ రన్లు 38కి పెరిగినవి. 1980లో ఆట విరమించునాటికి అవి 868.

ఒక్కటి మాత్రము మరువరాదు. తప్పుగా చేసిన అభ్యాసము తప్పునే స్థిరపరచును. ఒకమారు ఒక లోపమునే దిద్దుకొనుచు, అలసట తోచగానే కర్ర దింపుట మేలు.