కొండమీద ప్రార్థన, పల్లెలోంచి జవాబు

మా పల్లెలో మిషన్ కాలం నాటి పెంకుటిల్లు ఒకటుంది. వారమంతా బడి, ఆదివారం మందిరం. మా అమ్మమ్మ తరం నాలుగక్షరాలు దిద్దుకున్నది అక్కడే. పైకప్పు కూలి చాలా కాలమైంది. ఇప్పుడు ఆ స్థలం పక్కనుంచి రోడ్డు పడింది, ధర పెరిగింది. ముందు భాగంలో దుకాణాలు కట్టి, బాడుగ డబ్బుతో మందిరం లేపుదామని కొందరన్నారు. ముందు పిల్లలకి సాయంత్రం చదువు చెప్పే గది కావాలని ఆడవాళ్ళన్నారు. ఇదంతా ఎందుకు, టౌనులో ఉన్న పెద్ద స్వతంత్ర సంఘంలో కలిసిపోదామని కుర్రాళ్ళన్నారు. ఎటూ తేలక, దేవుని నడిపింపు కోసం మూడు శుక్రవారాలు ఉపవాస ప్రార్థన పెట్టారు.

మూడో శుక్రవారం సాయంత్రం సంఘ పెద్ద ఒకాయన లేచి, దుకాణాలు కట్టమని దేవుడు తనకు బయలుపరిచాడని చెప్పాడు. వెనక చాపమీద కూర్చున్న ముసలమ్మ ఒకామె, "ఉపవాసం అందరం ఉన్నాం గదా నాయనా, దేవుడు నీకొక్కడికే చెప్పాడా?" అని అడిగింది. కొందరు నవ్వారు. జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ ప్రశ్నే ఈ వ్యాసం రాయించింది.

"ప్రార్థనలో పెట్టాం" అనే మాట వినగానే ఉద్యమంలో ఉన్న మిత్రులు నవ్వేస్తారు. మోకరిస్తే సమస్యలు తీరతాయా అంటారు. సంఘంలో ఉన్నవాళ్ళేమో అదే మాటతో చర్చ మూసేస్తారు. దేవుడు చెప్పాక ఇంక మాట్లాడేదేముంది అంటారు. ఇద్దరూ తొందరపడుతున్నారని నా అభిప్రాయం. ఒక సంఘం తన భవిష్యత్తు గురించి ప్రార్థన చేయడమంటే అది విశ్వాసానికి సంబంధించిన విషయమే, దాంతోపాటు నిర్ణయం తీసుకునే పద్ధతి కూడా. అందులో ఎవరు మోకరిస్తున్నారు, ఎవరి మాట జవాబుగా లెక్కకొస్తున్నది, ఆ జవాబు ఎవరి బతుకుని మారుస్తున్నది అనేవి చూడాలి. ఈ మూడూ అడగడానికి మనకు దగ్గర్లోనే చరిత్ర ఉంది. అది ఒంగోలు చరిత్ర.

కొండమీద ఐదుగురు

అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. పదేళ్ళు దాటినా సంఘంలో చేరినవాళ్ళు కొద్దిమందే. 1853లో అమెరికాలోని ఆల్బనీ నగరంలో మిషనరీ యూనియన్ సభ జరిగినప్పుడు తెలుగు మిషన్ని ఉంచాలా ఎత్తేయాలా అనే ప్రశ్న వచ్చింది. మిషన్ కేంద్రాలను నక్షత్రాలుగా గుర్తుపెట్టిన పటంలో తెలుగు నేలకు దక్కింది ఒకే ఒక్క నక్షత్రం. దాన్నిబట్టే 'లోన్ స్టార్ మిషన్', అంటే ఒంటిచుక్క మిషన్ అనే పేరు నిలిచింది. శామ్యూల్ స్మిత్ అనే కవి ఆ చుక్క మీద రాత్రికి రాత్రి రాసిన పద్యం సభను కదిలించిందని మిషన్ చరిత్రలు చెప్తాయి. మిషన్ని ఎత్తేయలేదు. 1862లో మళ్ళీ అదే చర్చ వచ్చింది. అప్పుడు అమెరికాలో ఉన్న లైమన్ జూయెట్, మీరు పంపకపోయినా నేను తిరిగి వెళ్తాను, అవసరమైతే అక్కడే చనిపోతాను అన్నాడు. అలా మిషన్ రెండోసారి బతికింది.

ఈ రెండు చర్చల మధ్యలో జరిగిందే కొండమీది ప్రార్థన. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఐదుగురు ఒంగోలు పక్కన ఉన్న కొండెక్కారు. జూయెట్, ఆయన భార్య, జూలియా, రూతు, క్రిస్టియన్ నర్సు అనే బోధకుడు. కొండల మీద సువార్త తెచ్చేవాళ్ళ పాదాల గురించి యెషయా గ్రంథంలో ఉన్న భాగం చదువుకున్నారు. ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన చేశారు. ఈ కథ వినకుండా మన వైపు బాప్టిస్టు పిల్లలెవరూ పెద్దవాళ్ళు కాలేదు. జనవరి 1న వాగ్దాన కార్డు తీసుకునే ప్రతి ఇంట్లో ఈ కథ ఉంటుంది.

కథలో ఒక సంగతి మనం గమనించం. ఐదుగురిలో ముగ్గురు మన తెలుగువాళ్ళు. ఆ ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్ళు. అందరూ వంతులవారీగా ప్రార్థించారని కథే చెప్తున్నది. కాని ఆ తెల్లవారు మన జ్ఞాపకంలో జూయెట్ ప్రార్థనగా మిగిలిపోయింది. జూలియా, రూతు ఏ మాటలు పలికారో మన ప్రసంగాల్లో ఎప్పుడూ రాదు.

తోళ్ళ వ్యాపారి వెతుకులాట

ఆ ప్రార్థనకు జవాబు జాన్ క్లౌ అని మిషన్ చరిత్ర అంటుంది. క్లౌ 1865లో నెల్లూరు చేరాడు, 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. ఇది నిజమే, కాని సగం నిజం. క్లౌ ఒంగోలులో స్థిరపడకముందే ఒక మాదిగ మనిషి తన దారి తాను వెతుక్కుంటున్నాడు. ఆయన ఎర్రగుంట్ల పేరయ్య. తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగేవాడు. రాజయోగంలో ఉపదేశం పొందిన సాధకుడు. అక్కడ తన ఆకలి తీరక, ఏలూరు వైపు వెళ్ళినప్పుడు క్రీస్తు గురించి విన్నాడు. తర్వాత ఒంగోలుకొచ్చి మిషనరీలను కలిశాడు. 1866లో ఆయన, భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు.

1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడింది. సభ్యులు 8 మంది. అదే నెలలో పేరయ్య పిలుపు మీద క్లౌ ఆయన ఊరి వైపు వెళ్ళి గుడారం వేసుకుంటే, చుట్టుపక్కల పల్లెల నుంచి మాదిగలు సద్దిమూటలు కట్టుకుని వచ్చారు. కొద్దిరోజుల్లో 28 మంది బాప్తిస్మం పొందారు. వాళ్ళను అప్పటికే సిద్ధం చేసినవాడు పేరయ్య. కొండమీద అడిగింది మిషనరీని. మిషనరీ వచ్చేసరికి పల్లెలో ఒక మాదిగ బోధకుడు ఎదురుచూస్తున్నాడు.

తెరుచుకున్న పేజీ

ఇక్కడే సంఘానికి అసలు పరీక్ష వచ్చింది. ఒంగోలులో క్లౌ దంపతులు నడిపే బడికి బ్రాహ్మణుల పిల్లలు వస్తున్నారు. ఈ మాదిగల్ని చేర్చుకుంటే మేం రామని పైకులాలవాళ్ళు తేల్చి చెప్పారు. క్లౌ సందిగ్ధంలో పడ్డాడు. అప్పుడు జరిగింది ఆయన జీవితకథలో ఉంది. ఆ పుస్తకం 1914లో అచ్చయింది. ఒక గదిలో ఆయన, ఇంకో గదిలో ఆయన భార్య హారియెట్ ప్రార్థన చేసి, ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిచారు. ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే భాగం దొరికింది. జ్ఞానుల్ని, ఘనుల్ని కాక లోకం నీచంగా చూసినవాళ్ళను దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే భాగం అది. క్లౌ మాదిగల్ని వదులుకోలేదు. పైకులాల పిల్లలు వెళ్ళిపోయారు.

దీన్ని అద్భుతంగా చెప్పుకోవచ్చు, కాకతాళీయమనీ అనుకోవచ్చు. నేను అడిగేది వేరు. ఆ వచనం అంతకుముందూ బైబిల్లోనే ఉంది. అదే బైబిలు చేతబట్టుకుని పైకులాలు కదిలితే కింది కులాలు వాటంతటవే వస్తాయని నమ్మినవాళ్ళు ఈ దేశంలో చాలామంది ఉన్నారు. మరి ఒంగోలులో ఆ మాట ఎందుకు దారి చూపింది? మాదిగలు అప్పటికే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు గనక. వాళ్ళు నిలబడకపోతే ఎంచుకోవలసిన రెండో దారే ఉండేది కాదు. ప్రార్థన దారిని పుట్టించలేదు. ఉన్న రెండు దారుల్లో దేన్ని వదలకూడదో తేల్చుకోవడానికి తోడ్పడింది. ఆ తేడా మనం పట్టుకోవాలి.

చేరినవాళ్ళకు క్లౌ మూడు నియమాలు పెట్టాడు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చదవడానికి ఇవి భక్తి నియమాలే. పల్లెలో వీటి అర్థం వేరు. ఆదివారం పని చేయమనడమంటే ఆసామి పిలిస్తే రామనడం. మొక్కమనడమంటే జాతరలో డప్పు కొట్టమనడం. ఊరు ఊరుకోలేదు. కొట్టారు, పనులు మాన్పించారు, నీళ్ళకు అడ్డం పడ్డారు. ప్రార్థన చూపిన దారికి మూల్యం కట్టింది మిషన్ బంగళా కాదు, మాదిగపల్లె.

కరువులో ఆగిన బాప్తిస్మం

1876-78 ధాత కరువులో రెండో పరీక్ష. క్లౌ బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. గంజి కోసం చేరారనే మాట రాకూడదని ఆయన ఉద్దేశం. జనం మాత్రం ఆగలేదు. మాకు డబ్బొద్దు, మమ్మల్ని సంఘంలో చేర్చుకోండని పట్టుబట్టారు. చివరికి 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ ఏడాది మొత్తం 9,606 మంది.

'కూటి కోసం మతం మార్చుకున్నారు' అని మనల్ని ఈనాటికీ ఎత్తిపొడిచేవాళ్ళు ఈ వరస గుర్తుపెట్టుకోవాలి. కూలి దొరికిన కాలంలో తలుపు మూసే ఉంది. మూసిన తలుపును తట్టి తట్టి తెరిపించింది పల్లె. ఇక్కడా సంఘం దారిని తేల్చింది మిషనరీ జాగ్రత్త కాదు, జనం పట్టుదల.

ఇవాళ ఏం అడుగుతున్నాం?

తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశం 1962లో ఏర్పడింది. తెల్లవాళ్ళ చేతిలోంచి పెత్తనం మనవాళ్ళ చేతికొచ్చింది. పద్ధతి మారిందా? మా సంఘంలో ఉపవాసం ఉండేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. కమిటీలో ఉన్నది మగవాళ్ళు. జూలియా, రూతుల సంగతే మళ్ళీ జరుగుతున్నది.

ప్రార్థనకు రాని విషయాలు కూడా చూడాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులైన దళితులు బయటే ఉండిపోయారు. మన దగ్గర వాళ్ళను బీసీ-సి కింద ఒక శాతంలో పెట్టారు. 2023లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎస్సీ హోదా ఇవ్వమని తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. ఈ లోపల మన పిల్లలు మందిరంలో ఒక పేరుతో, బడి రిజిస్టర్లో ఇంకో పేరుతో బతుకుతున్నారు. నేనూ అలాగే చదువుకున్నాను. ఉద్యోగాలు, వీసాలు, జబ్బులు, పెళ్ళిళ్ళు అన్నీ ప్రార్థన చీటీల్లో ఉంటాయి. ఈ రెండు పేర్ల బతుకు మాత్రం ఏ చీటీలోనూ నేను చూడలేదు. సంఘం భవిష్యత్తు గురించి అడగాలంటే మొదట అడగాల్సింది ఇదే గదా?

కాబట్టి ప్రార్థన మానమని నేననడం లేదు. అడిగే తీరు మార్చుకుందామంటున్నాను. మోకరించే ముందు అన్ని దారులూ, వాటి లెక్కలూ అందరి ముందు పెట్టాలి. మోకరించిన ప్రతివాళ్ళకీ, చాపమీద వెనక కూర్చున్నవాళ్ళకీ, తమకు ఏం తోచిందో చెప్పే వంతు రావాలి. వచ్చిన జవాబును ఒక్క కొలతతో చూడాలి. అది మనలో అందరికంటే కింద ఉన్నవాళ్ళను నిలబెడుతుందా, వదిలేస్తుందా? ఒంగోలు సంఘం ఆ రోజుల్లో దారి తప్పకుండా ఉన్నది ఆ కొలత వల్లనే.

మా పల్లె స్థలం సంగతి ఇంకా తేలలేదు. ముసలమ్మ అడిగిన మాట తర్వాత రెండు వారాలకు ఆడవాళ్ళు కూడి, నిర్ణయానికి ముందు జమాఖర్చులు చదివి వినిపించమని అడిగారు. ఇంటికొకరు మాట్లాడేదాకా దుకాణాల పని మొదలుపెట్టకూడదన్నారు. పెద్దలు ఒప్పుకున్నారు. నాలుగో శుక్రవారం ప్రార్థన ఆమెతోనే మొదలుపెట్టించారు.