ఒక రోజు కూలి దగ్గర చీలిన ఆట

రగ్బీ అనగానే మన హాస్టల్‌లో అందరికీ గుర్తుకొచ్చేది 'సై' సినిమా. ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వంలో నితిన్, జెనీలియా నటించిన ఆ చిత్రం 2004 సెప్టెంబర్ 23న విడుదలైంది. కాలేజీ స్థలాన్ని కాజేయాలని చూసిన భిక్షు యాదవ్ అనే గూండాతో విద్యార్థులు పందెం కట్టి, రగ్బీ మ్యాచ్ ఆడి కాలేజీని దక్కించుకోవడం కథ. ఆ కోడిగుడ్డు ఆకారపు బంతిని అంతకుముందు చూసిన తెలుగువాళ్లు బహు తక్కువ. ఫిల్మ్ నగర్ వాళ్లు మనకు ఎన్నో నేర్పించారు, కొన్ని నేర్పకపోయినా బాగుండేది. కానీ ఒక కొత్త ఆటను పల్లెటూరి టూరింగ్ టాకీస్ దాకా తీసుకొచ్చిన ఘనత మాత్రం వాళ్లకు దక్కుతుంది.

హాస్టల్ వార్షికోత్సవ సంచికలో రగ్బీ గురించి ఎందుకని మిత్రులు అడగవచ్చు. రగ్బీలో రెండు రకాలున్నాయి. ఒకటి రగ్బీ యూనియన్, రెండోది రగ్బీ లీగ్. ఈ రెండోది పుట్టడానికి కారణం కూలి డబ్బులు. ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతంలో ఈ లీగ్ ఆటను జీతం లేకుండా, సరదాకు ఆడుకునే చిన్న చిన్న క్లబ్బులు చాలా ఉన్నాయి. అవి పాత ఆటగాళ్లను పిలిచి వార్షికోత్సవాలు జరుపుకునే పద్ధతి తెలిశాక, మన పూర్వ విద్యార్థుల సమ్మేళనం ముందు దాని గురించి రాయాలనిపించింది.

ముందు ఆట సంగతి. యూనియన్‌లో జట్టుకు 15 మంది, లీగ్‌లో 13 మంది. రెండింటిలోనూ బంతిని చేత్తో ముందుకు విసరకూడదు. పక్కకు గానీ వెనక్కి గానీ అందించాలి. మనిషి మాత్రం ముందుకు పరుగెత్తాలి. ఎదుటి జట్టువాళ్లు బంతి ఉన్నవాడిని నడుము దగ్గర, కాళ్ల దగ్గర పట్టి పడేస్తారు. కబడ్డీలో కూతకు వెళ్లినవాడిని పట్టేస్తే వాడు ఔట్. లీగ్‌లో అలా కాదు. పడిపోయినవాడు లేచి నిలబడి, బంతిని కాలితో వెనక్కి దొర్లించి మళ్లీ ఆట మొదలుపెడతాడు. ఇలా ఆరుసార్లు పట్టుబడేవరకు అవకాశం ఉంటుంది. ఆరోసారి పట్టుబడితే బంతి అవతలి జట్టుకు ఇచ్చేయాలి. ప్రత్యర్థి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే దాన్ని 'ట్రై' అంటారు. దానికి లీగ్‌లో 4 పాయింట్లు, యూనియన్‌లో 5. ఆట 80 నిమిషాలు. కబడ్డీ ఆడే కుర్రవాళ్లకు ఈ ఆట పది నిమిషాల్లో అర్థమవుతుందని మా నమ్మకం.

ఇక కూలి సంగతి. రగ్బీ మొదట్లో ఇంగ్లండ్‌లో పెద్దింటి పిల్లల బడుల్లో ఆడిన ఆట. తర్వాత అది ఉత్తరాన యార్క్‌షైర్, లాంకషైర్ ప్రాంతాల్లోని బొగ్గుగని కార్మికులకు, నూలుమిల్లు పనివాళ్లకు, రేవు కూలీలకు పాకింది. వాళ్లు బలవంతులు, బాగా ఆడేవారు. చిక్కల్లా ఒక్కటే. శనివారం కూడా మధ్యాహ్నం దాకా పని ఉండేది. దూరపు ఊరిలో మ్యాచ్ ఉంటే ఆ పూట గనిలోకి దిగడం కుదరదు, ఆ పూట కూలి పోతుంది. లండన్ పెద్దమనుషులు చేసిన నియమం ప్రకారం ఆటగాడు ఆటవల్ల ఒక్క పైసా కూడా తీసుకోకూడదు. బ్యాంకులో డబ్బున్నవాడికి ఈ నియమం గౌరవంగా కనిపిస్తుంది. రోజు కూలితో పొయ్యి వెలిగించుకునేవాడికి అది మైదానం తలుపు మూయడమే.

ఉత్తరాది క్లబ్బులు అడిగింది జీతం కాదు. పోయిన పని గంటలకు పరిహారం మాత్రమే. దాన్ని వాళ్లు 'బ్రోకెన్ టైమ్' అన్నారు. 1893లో లండన్‌లో జరిగిన రగ్బీ యూనియన్ సమావేశంలో ఈ ప్రతిపాదన ఓటుకు వచ్చింది. అనుకూలంగా 136, వ్యతిరేకంగా 282. ఓడిపోయింది. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ పట్టణంలోని జార్జ్ హోటల్‌లో ఉత్తరాది క్లబ్బుల ప్రతినిధులు సమావేశమై, పాత సంఘం నుంచి బయటకు వచ్చి, సొంత సంఘం పెట్టుకున్నారు. ఆ సెప్టెంబర్‌లోనే 22 క్లబ్బులతో పోటీలు మొదలయ్యాయి. పరిహారం ఎంతనుకున్నారు? రోజుకు గరిష్ఠంగా ఆరు షిల్లింగులు. ఆ ఆరు షిల్లింగుల దగ్గర ఒక ఆట రెండుగా చీలింది.

తర్వాత నియమాలు కూడా మారుతూ పోయాయి. 1898లో జీతం తీసుకుని ఆడటానికి అనుమతి ఇచ్చారు. అయితే ఆటగాడికి వేరే పని కూడా ఉండి తీరాలన్నారు. సోమరిగా తిరుగుతూ ఆటమీదే బతకకూడదన్నమాట! 1906లో ఆటగాళ్లను 15 నుంచి 13కు తగ్గించారు. 1922లో ఈ సంఘం పేరులోకి 'రగ్బీ లీగ్' అన్న మాట వచ్చింది. యూనియన్ వాళ్లు మాత్రం పగ వదల్లేదు. లీగ్‌లో ఆడినవాడిని తమ ఆటలోకి, కొన్నిచోట్ల తమ క్లబ్బు గడపలోకి కూడా రానివ్వలేదు. చివరకు 1995 ఆగస్టులో వాళ్లే తమ ఆటగాళ్లకు డబ్బు ఇవ్వవచ్చని తీర్మానించారు. కూలీలు అడిగినదాన్ని ఒప్పుకోవడానికి సరిగ్గా వందేళ్లు పట్టింది.

ఈ కథ ఎక్కడో ఇంగ్లండ్‌లోది కదా అని తీసిపారేయడానికి లేదు. జూబ్లీహిల్స్ పక్కనే ఉన్న కృష్ణానగర్‌కు వెళితే తెల్లవారుజామునే జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, సెట్ పనివాళ్లు కనిపిస్తారు. కాల్షీటు ఉంటే ఆ రోజు కూలి, లేకపోతే లేదు. 'సై'లో మైదానం చుట్టూ కేరింతలు కొట్టిన జనం వంటి గుంపులన్నీ ఇలాంటి రోజు కూలీలతోనే తయారవుతాయి. 2025 ఆగస్టులో ఈ సినీ కార్మికులు 30 శాతం వేతన పెంపు కోరుతూ 18 రోజులు షూటింగులు ఆపేశారు. మూడేళ్లలో దశలవారీగా 22.5 శాతం పెంచేందుకు ఒప్పందం కుదిరాక పనిలోకి వెళ్లారు. తెరమీద ఆట, తెర వెనుక కూలి. ఈ రెండింటినీ కలిపి చూస్తేనే హడర్స్‌ఫీల్డ్ వాళ్లు ఎందుకంత పట్టుబట్టారో అర్థమవుతుంది.

మన ఇళ్లలోనూ ఇదే లెక్క. ఆదివారం మనల్ని చూడటానికి వచ్చే అమ్మ ఆ రోజు కూలి వదులుకుని వస్తుంది. బస్సు చార్జీలు అదనం. తల్లిదండ్రుల సమావేశానికి నాన్న రాలేదంటే చదువు మీద శ్రద్ధ లేక కాదు. ఆ పోయిన కూలిని ఎవరూ ఏ ఖాతాలోనూ రాయరు.

ఇప్పుడు ఆ చిన్న క్లబ్బుల విషయానికి వద్దాం. ఇంగ్లండ్‌లో లీగ్ ఆటను ఔత్సాహికంగా ఆడేవారి కోసం 1973లో హడర్స్‌ఫీల్డ్‌లోనే 'బార్లా' అనే ప్రత్యేక సంఘం ఏర్పడింది. ఈ క్లబ్బుల్లో ఎవరికీ జీతం ఉండదు. చాలాచోట్ల ఆటగాడే చందా కట్టి ఆడతాడు. వారమంతా పని, శనివారం ఆట. గీతలు గీసేది, జెర్సీలు ఉతికేది, టీ కాచేది అందరూ స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే. కూలి కోసం చీలిన ఆటను ఇప్పుడు ఎదురు డబ్బు కట్టి ఆడటం వింతగా ఉన్నా అందులో విరుద్ధం ఏమీ లేదు. శనివారం సెలవు దొరికింది గనుక ఇప్పుడు కూలి పోదు. అప్పట్లో అడిగినదీ అదే కదా.

కొన్ని క్లబ్బుల పేర్లలో 'మైనర్స్ వెల్ఫేర్' అనే మాట కనిపిస్తుంది. లీ పట్టణపు క్లబ్బు పేరు ఒకప్పుడు అలాంటిదే. మన హాస్టల్ బోర్డు మీదా 'వెల్ఫేర్' ఉంది గనుక మాకు ఆసక్తి కలిగింది. 1920లో బ్రిటన్ పార్లమెంటు చేసిన గనుల చట్టం ప్రకారం తవ్విన ప్రతి టన్ను బొగ్గుకు ఒక పెన్నీ చొప్పున గని యజమానుల నుంచి వసూలు చేసి సంక్షేమ నిధి పెట్టారు. ఆ డబ్బుతో గని ఊళ్లలో స్నానపు గదులు, చదువుకునే హాళ్లు, ఆటస్థలాలు వచ్చాయి. అంటే సంక్షేమం అన్నది ఎవరో జాలిపడి ఇచ్చింది కాదు. టన్నుకు ఇంత అని లెక్కకట్టి తీసుకున్నది. సింగరేణి ప్రాంతం నుంచి వచ్చిన మన మిత్రులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. 2015 డిసెంబర్‌లో యార్క్‌షైర్‌లోని కెల్లింగ్లీ మూతపడటంతో బ్రిటన్‌లో లోతైన బొగ్గుగనులే లేకుండా పోయాయి. గనులు పోయినా గని పేరు పెట్టుకున్న జట్లు మాత్రం ఇంకా మైదానంలోకి దిగుతున్నాయి.

ఇలాంటి క్లబ్బుకు యాభై ఏళ్లో, వందేళ్లో నిండినప్పుడు చేసేది పెద్ద ఆర్భాటం కాదు. పాత ఆటగాళ్లకు కబురు పంపుతారు. పాత జట్ల ఫొటోలు గోడకు తగిలిస్తారు. పేర్లు తెలియని ముఖాల దగ్గర ముసలివాళ్లు గుమిగూడి 'వీడు ఫలానావాడి తమ్ముడు' అని గుర్తుపడుతుంటే ఎవరో ఒకరు రాసుకుంటారు. చనిపోయినవారి కోసం ఒక నిమిషం మౌనం. తర్వాత భోజనం. మోకాళ్లు సహకరించేవాళ్లు సరదాగా ఒక మ్యాచ్ కూడా ఆడతారు.

మాకు అన్నిటికంటే నచ్చింది 'హెరిటేజ్ నంబర్' పద్ధతి. రగ్బీ లీగ్‌లో పేరున్న చాలా క్లబ్బులు దీన్ని పాటిస్తున్నాయి. క్లబ్బు పుట్టినప్పటి నుంచి మొదటి జట్టులో ఎవరు ముందు ఆడారో వారికి 1, తర్వాతివారికి 2, అలా వరుసగా నంబర్లు ఇచ్చుకుంటూ వస్తారు. నాలుగు వందల మ్యాచ్‌లు ఆడినవాడికీ ఒకటే నంబరు, ఒక్క మ్యాచ్ ఆడి చెయ్యి విరిగి మానేసినవాడికీ ఒకటే నంబరు. ఆ నంబరు మళ్లీ ఎవరికీ ఇవ్వరు. కప్పులు గెలిచాడా, కెప్టెన్ అయ్యాడా అన్నదానితో పని లేదు.

దీనికి పూర్తి విరుద్ధమైన ఉత్సవం మన జూబ్లీహిల్స్ వాళ్లే చేసి చూపించారు. తెలుగు సినిమాకు 75 ఏళ్లు నిండాయని 2007 జనవరిలో హైదరాబాద్‌లో మూడు రోజులు వజ్రోత్సవం జరిగింది. ఎంతోమంది పాత కళాకారులు ఒకచోట చేరిన మంచి సందర్భం అది. కానీ జనానికి ఈనాటికీ గుర్తున్నది ఎవరు 'లెజెండ్', ఎవరు 'సెలబ్రిటీ' అన్న గొడవే. వేదిక మీదే ఆ మాటలు నడిచాయి. తరగతులుగా విడదీసి సన్మానం చేస్తే ఇంతే మరి!

రగ్బీ హాస్టల్ పిల్లలకు అందని ఆట అనుకునేవారికి ఒక మాట. 2007లో లండన్‌లో జరిగిన 14 ఏళ్లలోపు పాఠశాలల అంతర్జాతీయ రగ్బీ టోర్నీని గెలిచింది మన పొరుగున భువనేశ్వర్‌లోని కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ గిరిజన విద్యార్థులు. అదీ వసతితో కూడిన బడే. ఫైనల్లో దక్షిణాఫ్రికా జట్టును 19-5తో ఓడించారు. వాళ్లు ఆడింది యూనియన్ రకం. వారికి ఆ ఆట నేర్పినవారిలో ఒకరైన పాల్ వాల్ష్ 2004లో కోల్‌కతాలో జంగిల్ క్రోస్ అనే క్లబ్బును పేద పిల్లలతో మొదలుపెట్టారు. ఈ విజయం మీద 'జంగిల్ క్రై' అనే సినిమా 2022లో వచ్చింది. 2025 జూన్‌లో ముంబైలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్ ఆరు జట్లలో 'హైదరాబాద్ హీరోస్' కూడా ఒకటి. 'సై' చూసి పెరిగినవాళ్లకు ఆ పేరు వినడమే ఒక ముచ్చట.

మళ్లీ నంబర్ల దగ్గరకు వస్తే, మన హాస్టల్‌కు హెరిటేజ్ నంబర్లు కొత్తగా వేయనక్కర్లేదు. ఆఫీసు బీరువాలో ఉన్న అడ్మిషన్ రిజిస్టర్‌లో అవి ఎప్పుడో పడి ఉన్నాయి. సాధారణంగా ఎక్కడైనా పూర్వ విద్యార్థుల సమ్మేళనం అంటే ఉద్యోగాలు వచ్చినవారికి, అధికారులైనవారికి శాలువాలు కప్పుతారు. అది సంతోషమే, వాళ్లను చూసే మేము చదువుకుంటున్నాం. కానీ రిజిస్టర్ తిరగేస్తే ప్రతి పేజీలోనూ ఎర్ర సిరాతో కొట్టేసిన పేర్లున్నాయి. ఏడో తరగతిలో పత్తి ఏరే రోజుల్లో ఇంటికి వెళ్లి తిరిగి రానివాడు, తొమ్మిదిలో మిరప కోతలకు వెళ్లినవాడు, నాన్న మంచం పడితే ఆటో పట్టుకున్నవాడు. వాళ్లు కూడా మన మెస్‌లో తిన్నారు, ఈ ట్రంకు పెట్టెల మధ్యే పడుకున్నారు. వాళ్ల దగ్గర మార్కుల మెమో ఉండకపోవచ్చు, నంబరు ఉంది. వాళ్లు వదిలివెళ్లింది కూడా రోజు కూలి కోసమే. అప్పట్లో ఆ కూలికి బదులు ఇచ్చేవాళ్లు ఎవరూ లేకపోయారు.

అందుకే ఈసారి సమ్మేళనం ఆహ్వానాలు రిజిస్టర్ వరుసలోనే పంపాలని సంచిక కమిటీ తరఫున వార్డెన్ సార్‌ను అడిగాం, సరేనన్నారు. 1వ నంబరు నుంచి పేర్లు ఎత్తి రాస్తున్నాం. ఎర్ర సిరా పేర్లు కూడా అందులోనే, అదే వరుసలో. కొన్ని పేజీలు చెదలు తినేశాయి. ఆయా సంవత్సరాల్లో చదివిన అన్నలు ఈ సంచిక చూసిన వెంటనే తమ గదిలో ఎవరెవరు ఉండేవారో, ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నారో హాస్టల్ ఆఫీసుకు తెలియజేయగలరు. ఊరి పేరు, తండ్రి పేరు చెప్పినా చాలు, మిగతాది మేము వెతుక్కుంటాం. కార్యక్రమం ఆదివారం పెట్టుకున్నాం, అదీ సాయంత్రం నాలుగు తర్వాత. కూలి పనికి వెళ్లినవాళ్లు పని దిగి రావచ్చు. భోజనాలకు ముందు పూర్వ విద్యార్థులకూ మాకూ కబడ్డీ మ్యాచ్ ఉంటుంది. రగ్బీ ఆడదామనే అనుకున్నాం గానీ బంతి దొరకలేదు.