జబ్బుల మూలం వెతికే చదువు

ఇంటర్‌లో బైపీసీ తీసుకున్న అమ్మాయి ఉన్న ఇంట్లో ఎప్పుడూ ఒకటే మాట – ఎంబీబీఎస్ సీటు! వస్తే వీధంతా స్వీట్లు పంచుతాం. రాకపోతే ఇల్లంతా మూగబోతుంది. డిగ్రీ అయ్యాక ఆ అమ్మాయే వచ్చి, "పబ్లిక్ హెల్త్ చదువుతానమ్మా" అందనుకోండి. "అదేం చదువే? డాక్టరువి కాకుండా ఆస్పత్రిలో ఏం చేస్తావ్?" అని అడుగుతాం. ఆ ప్రశ్నకు జవాబు తల్లులకు తెలిసి ఉండడం మంచిది.

ఏమిటీ చదువు?

జ్వరంతో వెళితే డాక్టరు మందు రాసిస్తారు. అదే జ్వరం ఒక వాడలో పదిమందికి వస్తే? మంచినీళ్ల గొట్టంలో మురుగు కలుస్తోందేమో చూడాలి. పక్క కాలనీలో ఒక్కరికీ రాకుండా ఈ వాడకే ఎందుకొచ్చిందో కూడా అడగాలి. అలా అడగడం, లెక్కలు తీసి జవాబు వెతకడం నేర్పేదే ప్రజారోగ్య శాస్త్రం. దేశదేశాల మధ్య ఉన్న తేడాలను కూడా కలిపి చూస్తే దాన్ని గ్లోబల్ హెల్త్ అంటున్నారు.

ఒక్క ఉదాహరణ చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో ఏడాది నిండకుండా చనిపోయేవారు కేరళలో సుమారు నలుగురు. తెలంగాణలో 26 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 30 మంది, ఉత్తరప్రదేశ్‌లో 50 మంది. దేశం ఒకటే, పిల్లలకు వేసే టీకాలూ దాదాపు అవే. మరి ఎందుకింత తేడా? తల్లి ఎంతవరకు చదివింది, ఏ వయసులో పెళ్లయింది, కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నది, ఆస్పత్రి ఎంత దూరం – ఇవన్నీ బిడ్డ ప్రాణంతో ముడిపడి ఉన్నాయి.

గడ్చిరోలిలో ఏం జరిగింది?

తెలంగాణను ఆనుకుని మహారాష్ట్రలో గడ్చిరోలి అని అడవి జిల్లా ఉంది. రాణీ బంగ్, అభయ్ బంగ్ అనే డాక్టర్ దంపతులు 1984లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ప్రజారోగ్యం చదువుకుని, తిరిగి వచ్చి అక్కడ స్థిరపడ్డారు.

రాణీ బంగ్ రెండు పల్లెల్లో 650 మంది ఆడవాళ్లను పరీక్షించారు. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉన్నట్టు తేలింది. అంతకుముందు డాక్టరుకు చూపించుకున్నవాళ్లు నూటికి ఎనిమిది మందే! తక్కినవాళ్లలో చాలామంది తెల్లబట్ట, నడుం నొప్పి, పొత్తికడుపు నొప్పి పంటి బిగువున భరిస్తూ పనులు చేసుకుంటున్నవాళ్లే. 1989లో ఈ వివరాలు లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాక, ఆడవాళ్ల ఆరోగ్యమంటే కాన్పు, కుటుంబ నియంత్రణ మాత్రమే కాదని పెద్ద పెద్ద సంస్థలు కూడా ఒప్పుకోవలసి వచ్చింది.

తర్వాత ఆ దంపతులు పురిటి పిల్లల మీద దృష్టి పెట్టారు. కొద్దిగా చదువుకున్న పల్లె ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చారు. బిడ్డను తూచడం, వెచ్చగా ఉంచడం, ఊపిరి లెక్కపెట్టడం, ఇన్ఫెక్షన్లను గుర్తించి ఇంజెక్షన్ ఇవ్వడం నేర్పారు. మూడేళ్లకల్లా ఆ ఊళ్లలో పురిటి పిల్లల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో ప్రకటించారు. ఇప్పుడు కాన్పయిన ఇంటికి ఆశా కార్యకర్త వచ్చి బిడ్డను చూసి వెళుతోందంటే, దాని వెనుక ఈ అనుభవం ఉంది.

మన వంటింట్లోనూ తేడాలే

ఆరోగ్యంలో తేడాలు ఊరికీ ఊరికీ మధ్యే ఉంటాయనుకోకండి. అదే సర్వేలో రక్తహీనత ఉన్న మగవాళ్లు నూటికి 25 మందయితే, ఆడవాళ్లు 57 మంది. మన రెండు తెలుగు రాష్ట్రాల ఆడవాళ్లలోనూ దాదాపు ఇంతే. ఒకే కుండలో అన్నం, ఒకే గిన్నెలో కూర తినే ఇళ్ల సంగతి ఇది! నెలసరి, కాన్పులతో మనకు ఇనుము ఎక్కువ కావాలి. కానీ అందరూ తిన్నాక అడుగున మిగిలింది తినేది మనమే. మునగాకు, తోటకూర పప్పులో నిమ్మరసం పిండుకోండి. భోజనంతో పాటు కాఫీ, టీ మానండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి.

ఎవరు చేరవచ్చు?

మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ సాధారణంగా రెండేళ్ల కోర్సు. దీనికి ఎంబీబీఎస్ ఉండి తీరాలనేమీ లేదు. నర్సింగ్, దంతవైద్యం, ఆయుర్వేదం, ఫార్మసీ చదివినవాళ్లను, కొన్నిచోట్ల మామూలు డిగ్రీవాళ్లను కూడా తీసుకుంటారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్, తిరువనంతపురంలోని అచ్యుత మీనన్ సెంటర్ ఈ చదువుకు పేరున్నవి. అర్హతలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కనుక ముందే కనుక్కోండి.

అంకెలంటే భయపడకూడదు, ఎండలో ఊళ్లు తిరగడానికి విసుక్కోకూడదు. ప్రభుత్వ ఆరోగ్య పథకాల్లో, స్వచ్ఛంద సంస్థల్లో, పరిశోధనల్లో ఉద్యోగాలుంటాయి. అయితే ఈ డిగ్రీతో క్లినిక్ పెట్టుకోవడం కుదరదు. చాలా ఉద్యోగాలు కాంట్రాక్టువి కూడా. విదేశీ చదువుకని అప్పు చేసేముందు ఫీజు ఎంత, చదివినవాళ్లు ఏం చేస్తున్నారు అని విచారించడం పెద్దవాళ్లుగా మన పని.

ఇక చదువుకోబోయే అమ్మాయిలు లేని ఇంటివాళ్లకు ఒక మాట. సర్వేకి వచ్చినవాళ్లు "ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?" అని అడిగితే, "అందరం బాగానే ఉన్నామమ్మా" అని తలుపు వేసేయకండి. మీ నీరసం, మీ నడుం నొప్పి కూడా చెప్పండి. చెప్పుకోని జబ్బు లెక్కలోకి రాదు. లెక్కలోకి రాని జబ్బుకు మందూ మన ఊరిదాకా రాదు.