ఒక్క సూది, ఏడు రోజుల పాలు

పశువుకు జబ్బు చేసినప్పుడు "డాక్టరుగారూ, రోజూ తిరగలేం, ఒక్క సూదితో పోయేది వెయ్యండి" అని సభ్యులు అడగడం పరిపాటి. అలా వేసేవాటిలో తరచు కనిపించేది లాంగ్ యాక్టింగ్ ఆక్సిటెట్రాసైక్లిన్. సీసాపై "ఎల్.ఏ." అని ఉంటుంది. మామూలు రకాన్ని రోజూ వేయాలి. ఇది కండలో నిలవ ఉండి మూడు నాలుగు రోజులపాటు కొద్దికొద్దిగా రక్తంలోకి దిగుతుంది. గొంతువాపు, పిడుదుల వల్ల వచ్చే అనాప్లాస్మా జ్వరం వంటివాటికి మంచి మందే. గాలికుంటు వైరస్‌పై మాత్రం దీని ప్రభావం ఏమీ ఉండదు.

మిల్లీలీటరుకు 200 మిల్లీగ్రాముల మందున్న సీసా అయితే పది కిలోల బరువుకు ఒక మిల్లీలీటరు మోతాదు. 400 కిలోల గేదెకు 40 మిల్లీలీటర్లు, అంటే 8 గ్రాముల మందు. ఒక్కచోట 10 మిల్లీలీటర్లు మించకుండా నాలుగు చోట్ల లోతు కండలో వేయాలి. నొప్పి అని జాలిపడి పదిహేనుతో సరిపెట్టడం నేను చాలా ఊళ్లలో చూశాను. అలా చేస్తే జబ్బు పూర్తిగా పోదు, క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయి. ఈ రకాన్ని నరంలోకి ఎక్కించకూడదు. సూది పడ్డచోట కొన్నాళ్లు వాపు ఉండవచ్చు. వేసిన వెంటనే ఆయాసం, తూలడం వస్తే ప్రమాదం, కాబట్టి వేసినవారిని కాసేపు ఉండమనండి.

ఇక పాల సంగతి. మందు ఎన్నాళ్లు రక్తంలో ఉంటే అన్నాళ్లూ పాలలోకి వస్తూనే ఉంటుంది. 2012లో కేంద్రం ఔషధ నిబంధనలను సవరించి, పాడి పశువుల మందు సీసాపై పాలు ఆపవలసిన గడువు ముద్రించాలన్నది. ఆ మందుకు గడువు ప్రత్యేకంగా నిర్ధారణ కాకపోతే పాలకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు. రెండో సూది వేస్తే లెక్క ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది. కొన్ని సీసాలపై పాలిచ్చే పశువుకు వాడరాదనే ఉంటుంది. అందుకే సూది వేయించే ముందే, గడువు తక్కువున్న మందుతో పని జరుగుతుందా అని డాక్టరును అడగండి.

కోడెక్స్ అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం లీటరు పాలలో ఈ మందు 100 మైక్రోగ్రాములు మించరాదు. అంటే పదివేల లీటర్లకు ఒక్క గ్రాము! క్యానులో కలిస్తే పలచబడిపోతుందిలే అనుకోవడానికి లేదు. కాచినా మందు పూర్తిగా పోదు. వెన్నశాతం చూసే యంత్రం దీన్ని పట్టదు. డెయిరీలో తోడు సరిగా పడకపోతేనో, ప్రత్యేక పరీక్షలోనో బయటపడుతుంది. అప్పటికి ఊరందరి పాలూ అందులో కలిసి ఉంటాయి.

పూటకు మూడు లీటర్లిచ్చే గేదె ఉన్న ఇంట్లో ఏడు రోజులకు 42 లీటర్లు పోతాయి. ఆ పాల బిల్లుతోనే ఇల్లు గడిచేవారికి ఇది చిన్న మాట కాదు. అందుకే దాచిపెడతారు. నిజం చెప్పిన సభ్యుణ్ణి అందరి ముందు మందలించే సంఘానికి మరుసటిసారి ఎవరూ నిజం చెప్పరు. ఆ వారం నష్టంలో కొంతైనా సంఘం భరించే విషయం సర్వసభ్య సమావేశంలో చర్చించవలసిందని నా అభిప్రాయం.

గడువులో పితకడం మానకండి, పొదుగు చెడుతుంది. పితికినవి పారబోయండి, ఇంట్లో తోడు వేయవద్దు. కార్యదర్శులు సేకరణ పుస్తకంలో ఆ సభ్యుని పేరు ఎదుట మందు పేరు, చివరి సూది తేదీ, మళ్లీ పాలు తీసుకునే తేదీ రాసి సంతకం చేయించుకోవలెను.