ఊరు విడిచి కాలేజీకి పోయే పిల్లకూ, ఇక్కడే ఉండే పిల్లకూ

నేను అయిదో క్లాసు చదివినవాణ్ణి. కోయంబత్తూరు స్పిన్నింగు మిల్లులో ముప్పై ఏండ్లకు పైగా పని చేసి దిగినాను. కాలేజీ సంగతి నీకేం తెలుసు అంటారేమో. కాలేజీ తెలీదు. కాలేజీకి పోయిన స్నేహితుణ్ణి పోగొట్టుకోవడం మాత్రం తెలుసు.

మా లైను ఇండ్లలో పక్కింటివాడు, నేను ఒకే ఈడు. 1976లో వాడు మదురై త్యాగరాజర్ కాలేజీలో చేరినాడు. 1949లో ఆ కాలేజీ పెట్టిన కరుముత్తు త్యాగరాజన్ చెట్టియారు కూడా మిల్లుల యజమానే. మన మిల్లు కూలి కొడుకు అక్కడికి పోయినాడని లైనంతా సంతోషపడింది. నేనూ పడినాను.

దీపావళి సెలవుకి వాడు వచ్చినాడు. నేను షిఫ్టు ముగించి వచ్చి ఉండినాను. తలనిండా దూది, చేతులకు నూనె. వాడు ఇస్త్రీ చొక్కా వేసుకొని వాకిట్లో నిలబడితే, నిద్రపోతున్నానని చెప్పమన్నాను మా అమ్మతో. మళ్ళా వచ్చినప్పుడూ అంతే. తెలుగులో మూడు కార్డులు రాసినాడు. నా రాత తప్పులు చూసి నవ్వుతాడని జవాబు రాయలేదు. ఆపైన, "చదువుకున్నాడు, పొగరెక్కింది" అని నేనే అందరితో అన్నాను.

చాన్నాళ్ళకు ఒక పెండ్లిలో కనబడినాడు. "నా కార్డులు నీకు అందలేదా?" అని అడిగినాడు. నా దగ్గర మాట లేదు.

ఈ ఏడు నా మనవరాలు మదురైలో కాలేజీకి పోతాంది. ప్రభుత్వ బడిలో ఆరు నుంచి ప్లస్ టూ దాకా చదివింది కాబట్టి, పుదుమై పెణ్ పథకంలో నెలకు 1000 రూపాయలు వస్తుంది. ఎదురింటి పిల్ల కూడా దాంతోపాటే చదివింది. ఇంట్లో అప్పు ఉంది, అందుకని మిల్లు హాస్టలులో పనికి చేరుతాంది. వారం రోజులుగా ఆ పిల్ల మా ఇంటికి రాలేదు. ఆ రాకపోవడం ఏమిటో నాకు తెలుసు.

ఇద్దరినీ కూర్చోబెట్టినాను. మనవరాలితో అన్నాను: "రోజూ ఫోన్ చేస్తానని ఒట్టు పెట్టొద్దు, జరగదు. దాని వారం సెలవు ఏనాడో అడుగు, ఆనాడు చెయ్యి. కాలేజీ గొప్పలే చెప్పకుండా దాని షిఫ్టు ఎట్ల ఉందో కూడా అడుగు." ఎదురింటి పిల్లతో అన్నాను: "అది ఫోన్ చేస్తే ఎత్తు. నువ్వు తక్కువని నువ్వే అనుకుంటే, అది ఎంత పిలిచినా నీకు వినపడదు." రింగ్ ఫ్రేము దగ్గర పని చేసినవాళ్ళకు తెలుసు, తెగిన పోగును అప్పుడే అతకాలి.

కొత్త స్నేహాల గురించి మనవరాలికి భయం. హాస్టలులో మన భాషవాళ్ళు ఉంటారో లేదో అని. "తెలుగువాళ్ళ కోసమే వెతుక్కోవద్దు" అన్నాను. మదురైలో సౌరాష్ట్రులు చాలామంది. వాళ్ళూ నేతవాళ్ళే. ఇంట్లో ఒక భాష, వీధిలో తమిళం, మనలాగే. అట్లాంటి పిల్లకు నీ సంగతి చెప్పకుండానే అర్థమవుతుంది. లేదంటే మెస్సులో ఒంటిగా తినే పిల్ల పక్కన పోయి కూర్చో. నాకు మిల్లులో మంచి స్నేహితులు దొరికింది రాత్రి షిఫ్టులో ఒక టీని ఇద్దరం పంచుకున్నప్పుడే.

మన ఇండ్లలో పెద్దలకూ ఒక మాట. కాలేజీ పిల్లను మెచ్చుకునేటప్పుడు పనికి పోయే పిల్ల ఎదురుగా ఉంటుంది. "దాన్ని చూసి నేర్చుకో" అనొద్దు. స్నేహం అక్కడే విరుగుతుంది.

పోయిన ఆదివారం సింగానల్లూరు బస్టాండులో మదురై బస్సు ఎక్కించినాము. ఎదురింటి పిల్ల కూడా వచ్చి, సంచి మోసి, కిటికీ దగ్గర నిలబడింది. బస్సు కదిలేదాకా ఇద్దరూ ఏదో మాటలాడుకుంటూనే ఉండినారు.

ఆ సాయంత్రం నేనూ మదురైకి ఒక కార్డు రాసినాను. తప్పులు ఉన్నాయి. అయినా పెట్టెలో వేసినాను.