బ్లేడుకూ కాలికీ మధ్య

ఉత్తర ఐరోపాలో మనుషులు కొన్ని వేల ఏళ్ల కిందటే మంచు మీద జారారు. గుర్రాల, ఆవుల కాలి ఎముకలను ఒకవైపు చదును చేసి, పాదాల కింద తోలు పట్టీలతో కట్టుకుని, మొనదేలిన కర్రతో మంచును వెనక్కి నెట్టుకుంటూ గడ్డకట్టిన చెరువులు దాటేవాళ్లు. పన్నెండో శతాబ్దపు లండన్‌ను వర్ణించిన విలియం ఫిట్జ్‌స్టీఫెన్, మూర్‌ఫీల్డ్స్ చిత్తడి గడ్డకట్టినప్పుడు కుర్రకారు ఎముకలు కట్టుకుని బాణాల్లా దూసుకుపోయే తీరు గురించి రాశాడు. ఎముకకు అంచు ఉండదు. అందుకే కాలితో తన్ని ముందుకు పోవడం కుదరదు, కర్ర కావాలి. మధ్యయుగం చివర్లో నెదర్లాండ్స్ పనివాళ్లు చెక్క పీటలో ఇనుప పలక బిగించి, దానికి పదునైన అంచులు తీర్చారు. అంచు మంచులో నాటుకుంటుంది, కాలు దాన్ని నెడుతుంది. దాంతో కర్ర పని అయిపోయింది.

కట్టు సమస్య మాత్రం అలాగే మిగిలింది. బ్లేడు ఎంత బాగున్నా అది మామూలు చెప్పుకో, బూటుకో పట్టీలతో కట్టినదే కదా. నాలుగు చుట్లు తిరిగేసరికి పట్టీ సాగేది, పీట పక్కకు ఒరిగేది. బిగించి కడితే రక్తం ఆడక పాదం తిమ్మిరెక్కేది. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో అమెరికాలో ఉక్కు క్లిప్పులతో బూటును పట్టుకునే స్కేట్లు వచ్చాయి. పట్టీల బాధ తగ్గింది గానీ, బూటు వేరు, బ్లేడు వేరు అన్న పద్ధతి మారలేదు.

దాన్ని మార్చినవాడు న్యూయార్క్‌కు చెందిన జాక్సన్ హేన్స్. బ్యాలే నాట్యం తెలిసినవాడు. అప్పటి ఫిగర్ స్కేటింగ్ అంటే మంచు మీద అంకెలు, వలయాలు తప్పు లేకుండా గీయడమే. ఒళ్లు కర్రలా బిగబట్టుకుని చేసేవాళ్లు. హేన్స్ సంగీతానికి తగ్గట్టు చేతులు కదిపాడు, గెంతాడు, కూర్చుని గిరగిరా తిరిగాడు. అలా చేయాలంటే క్లిప్పులను నమ్ముకుంటే కుదరదు కనుక, 1860ల్లో బ్లేడును నేరుగా బూటు అడుగుకే బిగించేశాడు. సొంత దేశంలో పెద్దగా ఆదరణ దొరక్క ఐరోపా వెళ్లాడు. వియన్నా అతన్ని నెత్తిన పెట్టుకుంది. 1875లో ఇప్పటి ఫిన్లాండ్‌లోని కొక్కోలాలో చనిపోయాడు. హేన్స్‌ను అందరూ నాట్యం కోసం గుర్తు పెట్టుకుంటారు. నా మటుకు నాకు ఆ బిగింపే అంతకంటే పెద్ద మలుపు. ఆ క్షణం నుంచి బ్లేడు చేసే ప్రతి కదలికకూ బూటుదే పూచీ అయింది.

ఎందుకో అర్థం కావాలంటే బ్లేడును తిరగేసి చూడాలి. మందం సుమారు 4 మిల్లీమీటర్లు. అడుగుభాగం చదునుగా ఉండదు, పొడవునా సన్నటి గాడిలా తొలిచి ఉంటుంది. ఆ గాడికి అటొకటి, ఇటొకటి రెండు అంచులు. పక్క నుంచి చూస్తే బ్లేడు తిన్నగా కూడా ఉండదు, 7 లేదా 8 అడుగుల వ్యాసార్ధం ఉన్న వృత్తంలోంచి కోసిన ముక్కలా వంగి ఉంటుంది. స్కేటర్ ఒళ్లు కాస్త వాల్చితే ఒక అంచు మంచును పట్టుకుంటుంది, దారి దానంతట అదే వంపు తిరుగుతుంది. అంటే మొత్తం విద్యంతా చీలమండ దగ్గర పుట్టే అతి చిన్న వాలులో ఉంది. మడమ బూటులో ఏ కొంచెం ఆడినా ఆ వాలులో కొంత అక్కడే ఖర్చయిపోతుంది. మిగిలింది ఆలస్యంగా అంచుకు చేరుతుంది.

మరి కదలకుండా బిగించేస్తే సరిపోదా? మోకాలు వంగాలంటే చీలమండ కూడా ముందుకు వంగాలి. ఎగరడానికీ, దిగడానికీ ఆ వంపే ఆధారం. పక్కలకు రాయిలా ఉండాలి, ముందుకు మాత్రం లొంగాలి. ఈ రెండు కోరికల మధ్య పేచీయే బూటు చరిత్ర అంతా.

1882లో వియన్నాలో నార్వే వీరుడు ఆక్సెల్ పాల్సెన్ ముందు ముఖంగా ఎగిరి ఒకటిన్నర చుట్టు తిరిగినప్పుడు అతని కాళ్లకున్నవి స్పీడ్ స్కేట్లు. ఆ గెంతుకే ఆక్సెల్ అని పేరు. 1948లో సెయింట్ మోరిట్జ్ ఒలింపిక్స్‌లో డిక్ బటన్ దాన్ని రెండున్నర చుట్లు చేశాడు. 1952లో ఆస్లోలో మూడు చుట్ల గెంతు కూడా చూపించాడు. అప్పటి బూట్లు మెత్తటి తోలువి. మధ్యలో 1928, 1932, 1936 ఒలింపిక్స్ వరసగా గెలిచిన సోన్యా హెనీ ఆడవాళ్ల బూటును తెల్లగా మార్చేసింది. అందరూ తెలుపు కొనడం మొదలుపెట్టాక తను లేత గోధుమరంగుకు మారిందంటారు.

గెంతుల్లో చుట్లు పెరగడమే కాక, బూటు గట్టిపడటానికి ఇంకో కారణం ఉంది. చాలా కాలం పోటీల్లో వలయాలు గీసే భాగం తప్పనిసరి. చాలామంది దానికొక మెత్తటి జత, గెంతులకొక గట్టి జత ఉంచుకునేవాళ్లు. 1990 తర్వాత అంతర్జాతీయ పోటీల్లో ఆ భాగం తీసేశారు. మెత్తటి జతతో పని లేకుండా పోయింది, గెంతుల లెక్కే మిగిలింది. 1988లో బుడాపెస్ట్‌లో కర్ట్ బ్రౌనింగ్ నాలుగు చుట్లు తిరిగి దిగాడు. 2022లో ఇలియా మాలినిన్ ఆక్సెల్‌ను నాలుగున్నర చుట్లకు చేర్చాడు. గాలిలో ఉండేది సుమారు 0.7 సెకను. దిగేది ఒక్క కాలి మీద, వెనక్కి జారుతూ. పరిశోధకులు కొలిచినప్పుడు ఆ క్షణాన కాలి మీద పడే బలం ఒంటి బరువుకు అయిదు నుంచి ఎనిమిది రెట్ల దాకా తేలింది. దాన్ని తట్టుకోవడానికి పైతోలు పొరలు పెరిగాయి, మధ్యలో ప్లాస్టిక్ పలకలు చేరాయి. పర్వతారోహణ, స్కీయింగ్ బూట్లకు పేరుపడ్డ ఇటలీలోని మోంటెబెల్లూనా ప్రాంతం నుంచి ఎడియా లాంటి కంపెనీలు తోలుకు బదులు కృత్రిమ పదార్థాలతో తేలికైన బూట్లు తెచ్చాయి.

కొలతలిచ్చి బూటు చేయించుకునే సంగతి ఇక్కడే వస్తుంది. దుకాణంలో దొరికే బూటు ఒక సగటు పాదం కోసం చేసింది. మన పాదాలు సగటువి కావు. చాలామందికి ముందరిపాదం వెడల్పు, మడమ సన్నం. కుడికీ ఎడమకూ అర సైజు తేడా ఉండటం కూడా మామూలే. ముందు భాగానికి సరిపోయే జత కొంటే మడమ ఆడుతుంది, మడమకు సరిపోయేది కొంటే వేళ్లు నలుగుతాయి. 1933 నుంచి కాలిఫోర్నియాలో నడుస్తున్న హార్లిక్ లాంటి చోట్ల పని మొదలయ్యేది ఒక కాగితం మీద. పల్చటి మేజోడుతో నిలబడితే పెన్సిలును నిటారుగా పట్టుకుని పాదం చుట్టూ గీస్తారు. తర్వాత టేపు తీసుకుని ముందరిపాదం చుట్టూ, పాదం మెట్ట చుట్టూ, మడమ మీదుగా చీలమండ వంపు దాకా, గిలకల పైన, పిక్క మొదట్లో చుట్టుకొలతలు తీస్తారు. రెండు కాళ్లకూ విడివిడిగా. గిలక ఎంత ఎత్తులో ఉంది, ఎక్కడ కాయ కాసింది, మడమ వెనక ఎముక పొడుచుకొచ్చిందా అన్నవి కూడా రాసుకుంటారు. వీటి ప్రకారం అచ్చు సిద్ధం చేసి, దాని మీద తోలు లాగి కుడతారు. బ్లేడు కాకుండానే ధర వెయ్యి డాలర్లు దాటవచ్చు.

అంత పెట్టినా ఒక నిర్ణయం కొలతల్లో దొరకదు. అది బిగువు. పొరలు ఎన్ని, ఎంత గట్టివి అన్నది స్కేటర్ బరువును బట్టి, వేసే గెంతులను బట్టి తేల్చాలి. తల్లిదండ్రులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. విజేతలు వేసుకునే బూటు కొనిస్తే పిల్ల త్వరగా నేర్చుకుంటుందనుకుంటారు. ఇరవై అయిదు కిలోల పిల్ల నాలుగు చుట్ల గెంతుల కోసం చేసిన బూటును వంచలేదు. చీలమండ వంగదు గనక మోకాలు వంగదు, మోకాలు వంగదు గనక నడుము ముందుకు పడుతుంది. ఏడాది పాటు తప్పు భంగిమ అలవాటవుతుంది. పైగా పెరిగే పాదానికి కొలతల బూటు చేయిస్తే కొన్ని నెలల్లో ఇరుకైపోతుంది. వెడల్పులు వేర్వేరుగా దొరికే మంచి రెడీమేడ్ జతే ఆ వయసుకు మేలని గట్టిగా నమ్ముతాను.

పెద్దవాళ్లకు కూడా బిగువు ఎక్కువైతే నష్టమే. వట్టి కాళ్లతో గెంతి దిగితే ముందు మునివేళ్లు తాకుతాయి, తర్వాత మడమ ఆనుతుంది, ఈలోగా చీలమండ కొంత దెబ్బ మింగేస్తుంది. బిగుసుకున్న బూటులో పాదం కిందికి చాచే వీలు తక్కువ. మిగిలిన దెబ్బ మోకాలికి, తుంటికి, నడుముకు ఎక్కుతుంది. అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ రిచర్డ్స్, డస్టిన్ బ్రూనింగ్ దీనికొక విరుగుడు ఆలోచించారు. చీలమండ దగ్గర కీలు పెట్టిన బూటు అది. పక్కలకు గట్టిగా ఉంటుంది, ముందుకూ వెనక్కూ తలుపులా ఆడుతుంది. మడమ మీద పడే దెబ్బ తగ్గిందని 2006లో ప్రచురించారు కూడా. అయినా పెద్ద పోటీల్లో అది నిలదొక్కుకోలేదు. ఏళ్ల తరబడి ఒక బూటుతో కుదుర్చుకున్న లయను వదిలి, గెంతులు మళ్లీ మొదట్నుంచి నేర్చుకోవడానికి ఎవరు సిద్ధపడతారు? ఆ కీలు బూటు మళ్లీ రావాలనీ, ముందు పిల్లల కాళ్లకు రావాలనీ నా కోరిక.

అలవాటైన బూటు మీద స్కేటర్‌కు ఉండే మమకారం ఎంతటిదో 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో లోకమంతా చూసింది. షార్ట్ ప్రోగ్రామ్ తర్వాత నాలుగో స్థానంలో ఉన్న జపాన్ కుర్రాడు నోబునారి ఒడా, ఫ్రీ ప్రోగ్రామ్ మధ్యలో దిగుతూ తూలాడు. బూటు లేసు తెగిపోయింది. న్యాయనిర్ణేతల ముందుకెళ్లి కాలు చూపించి, అనుమతించిన మూడు నిమిషాల్లో కట్టుకుని మళ్లీ మొదలుపెట్టాడు. చివరికి ఏడో స్థానం. ఆ లేసు అంతకుముందే ఒకసారి తెగితే ముడివేసి వాడుతున్నానని తర్వాత కన్నీళ్లతో చెప్పాడు. కొత్త లేసు వేస్తే పాదానికి తెలిసే బిగింపు మారిపోతుందని అతని భయం.

మన దగ్గర మంచు రింకులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చక్రాల మీద చేసే ఆర్టిస్టిక్ స్కేటింగ్ మాత్రం ఉంది. హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామ 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో అందులో రెండు కాంస్యాలు తెచ్చాడు, 2015కు అర్జున అందుకున్నాడు. ఆ క్రీడకు వాడేదీ ఇలాంటి మడమ ఎత్తైన బూటే. బ్లేడు బదులు చక్రాల చట్రం ఉంటుంది. కాబట్టి కొలతల సంగతి మన పిల్లలకూ వర్తిస్తుంది. కొత్త జత వేసుకుని మోకాళ్లు వంచితే మడమ వెనక్కి ఆనుకుని ఉండాలి, లేవకూడదు. వేళ్లు చాచుకునేందుకు చోటు ఉండాలి. లేసు పాదం మెట్ట మీదా, చీలమండ వంపులోనూ బిగించి, పై కొక్కేల దగ్గర వదులివ్వాలి. లోపల గిలక ఒరుసుకుంటుంటే మందపాటి మేజోళ్లు తొడగొద్దు. ఆ చోటును గుర్తుపెట్టి, దుకాణంలో వేడిచేసి లోపలి నుంచి ఉబ్బించమని అడగాలి. బ్లేడు బిగించేటప్పుడు అన్ని స్క్రూలూ ఒకేసారి వేయనివ్వకూడదు. ముందు అటూ ఇటూ జరపడానికి వీలున్న పొడవాటి రంధ్రాల్లో కొన్ని మాత్రమే బిగించి, రెండు మూడు సార్లు మంచు మీద తిరిగి చూడాలి. ఒంటికాలి మీద జారుతున్నప్పుడు కాలు దానంతట అదే లోపలి అంచు మీదికి పడిపోతుంటే బ్లేడును వెంట్రుకవాసి లోపలికి జరుపుతారు, బయటి అంచు మీదికి పోతుంటే బయటికి జరుపుతారు. మిగతా స్క్రూలు ఆ తర్వాతే.