పాకెట్ కొలత తప్పిందా? ముందు మెషిన్ చూడండి, తర్వాత జీతం స్లిప్ చూడండి

శుక్రవారం సెలవు రోజున మిర్కాబ్‌లో మనవాళ్ళు నలుగురు కలిస్తే ఊరి కబుర్ల తర్వాత వచ్చేది పని మాటే. షువైఖ్ ఇండస్ట్రియల్ ఏరియాలో వుడ్ వర్క్‌షాపుల్లో సీఎన్‌సీ మెషిన్ నడిపే తమ్ముళ్ళ నోట ఇలాంటి మాట మీరూ వినే ఉంటారు: "పాకెట్ అర మిల్లీ తక్కువొచ్చిందన్నా. షీట్ పోయింది, డబ్బులు నా జీతంలో పట్టుకుంటానంటున్నాడు."

ఇందులో రెండు సంగతులున్నాయి. ఒకటి, కొలత ఎందుకు తప్పింది? రెండు, తప్పితే జీతం ఎంత కోయొచ్చు? మొదటిది తెలిసినవాడే రెండోదాని గురించి ధైర్యంగా మాట్లాడగలడు. అందుకే రెండూ కలిపి చెబుతున్నాం.

పాకెట్ అంటే

చెక్కలో అడుగు దాకా తెగిపోకుండా కొంత లోతు వరకే తవ్వే గుంటని పాకెట్ అంటారు. తలుపుకి లాక్, హింజ్ కూర్చునే చోటు అదే. కప్‌బోర్డ్ తలుపుకి వాడే కప్పు హింజ్‌కి మామూలుగా 35 మిల్లీ గుండ్రటి పాకెట్ కావాలి. అది 34.7 వస్తే హింజ్ దిగదు. 35.5 వస్తే వదులై ఊగుతుంది.

ముందు ఈ పరీక్ష చేయండి

పనికిరాని ముక్క తీసుకోండి. అయితే అది అసలు పని చేసే చెక్కే అయ్యుండాలి. ఎండీఎఫ్ పనికి ఎండీఎఫ్, టేకు పనికి టేకు. అందులో రెండు చదరపు పాకెట్లు కోయండి. ఒకటి 50 మిల్లీ, ఇంకోటి 300 మిల్లీ. స్పిండిల్ పూర్తిగా ఆగాక, అంచున లేచిన నూగు తీసేసి, వెర్నియర్ లోపలి దవడలతో అడ్డంగా, నిలువుగా కొలవండి. 300 కొలతకి మీ వెర్నియర్ చాలకపోతే మంచి స్టీల్ స్కేలు వాడండి.

- రెండింట్లోనూ తేడా ఒకేలా ఉంటే (రెండూ 0.2 తక్కువ అనుకోండి), తప్పు బిట్ దగ్గర, లేదా బిట్ పట్టుకునే కోలెట్ దగ్గర ఉంది.
- పెద్ద పాకెట్‌లో తేడా బాగా పెరిగితే మెషిన్ సెట్టింగే తప్పు. 300 మిల్లీ జరగమంటే అది 300 జరగడం లేదు. దాన్ని సరిచేయాల్సింది సర్వీస్ మనిషి. సూపర్‌వైజర్‌కి చెప్పండి.
- అడ్డం ఒక కొలత, నిలువు ఇంకో కొలత వస్తే, లేదా గుండ్రం కోస్తే సొట్టగా వస్తే, స్క్రూలోనో బెల్టులోనో వదులుంది. అదీ మెషిన్ తప్పే.

బిట్ దగ్గర తప్పు ఎలా వస్తుంది

బిట్ మీద 6 మిల్లీ అని రాసుంటుంది. అరిగాకో, సాన పట్టించాకో అది 6 ఉండదు. కంప్యూటర్ మాత్రం 6 అనుకునే దారి గీస్తుంది. 50 పాకెట్‌కి బిట్ మధ్య బిందువు 44 మిల్లీ జరుగుతుంది, మిగతా 6 బిట్ మందం. ఆ బిట్ నిజంగా కోసేది 5.8 అయితే పాకెట్ 49.8 వస్తుంది. ప్రోగ్రామ్‌లో బిట్ సైజు 6 బదులు 5.8 అని ఇవ్వండి. దారి 44.2 అవుతుంది, పాకెట్ 50 వస్తుంది. డ్రాయింగ్ కొలత మార్చొద్దు. అది మారిస్తే బిట్ మార్చిన రోజు మళ్ళీ మొదటికొస్తుంది.

పాకెట్ పెద్దదిగా వస్తే బిట్ ఊగుతోందేమో చూడండి. కోలెట్‌లో దుమ్ము, జిగురు ఉంటే బిట్ వంకరగా కూర్చుంటుంది. విప్పి శుభ్రం చేయండి. అరిగిపోయిన కోలెట్ అయితే మార్చమనండి.

ఇంకోటి, తొందర. సన్న బిట్‌తో ఒకేసారి లోతుగా, వేగంగా లాగితే బిట్ వంగుతుంది, గోడ తిన్నగా రాదు. ముందు చుట్టూ అర మిల్లీ వదిలి గుంట తవ్వండి. ఆఖర్న ఆ అర మిల్లీని నెమ్మదిగా ఒక్క చుట్టులో తీయండి. సమయం కొంచెం ఎక్కువ పడుతుంది గానీ షీట్ మిగులుతుంది.

మూలలు, లోతు

గుండ్రటి బిట్ లోపలి మూలని నలుపలకగా కోయలేదు. 6 మిల్లీ బిట్‌తో మూలలో 3 మిల్లీ గుండ్రం మిగులుతుంది. దాన్ని ఉలితో తీయాలి, లేదా డ్రాయింగ్‌లోనే మూలకి అదనపు కోత పెట్టించాలి. కొలత సరిగ్గా ఉన్నా లాక్ దిగడం లేదంటే చాలాసార్లు కారణం ఇదే.

లోతు తప్పితే షీట్ కింద పొట్టు ఉందేమో చూడండి. 18 మిల్లీ షీట్ అన్నా నిజంగా కొలిస్తే కొంచెం తేడా ఉంటుంది. అడుగున మిగిలే మందం ముఖ్యమైతే జీరోని టేబుల్ మీద పెట్టండి. లోతు ముఖ్యమైతే షీట్ పైన పెట్టండి.

రాసి పెట్టుకోండి

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, ఏ చెక్క, కొలిచిన బిట్ సైజు, పరీక్ష ముక్కలో వచ్చిన కొలత రాయండి. వెర్నియర్ కనిపించేలా ఫోటో తీయండి. మెషిన్ తప్పని తేలితే మాటతో వదిలేయకండి, సూపర్‌వైజర్‌కి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టండి. రేపు "నీ తప్పే" అంటే మీ చేతిలో ఉండే సాక్ష్యం అదే.

జీతం కోస్తానంటే

షూన్ వీసా, అంటే ఆర్టికల్ 18 మీద ఉన్నవాళ్ళకి 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం వర్తిస్తుంది. అది చెప్పేవి ఇవి:

- శిక్ష వేసే ముందు మీ తప్పేంటో రాతపూర్వకంగా చెప్పాలి. మీ మాట విని, దాన్ని రాసి ఫైల్‌లో పెట్టాలి.
- శిక్షగా కోసేది నెలకి ఐదు రోజుల జీతం దాటకూడదు. నెల జీతం 130 దినార్లయితే, 26 పని రోజుల లెక్కన రోజుకి 5, అంటే 25 దినార్లకి మించకూడదు.
- అలా కోసిన డబ్బు యజమాని జేబులోకి పోకూడదు. కార్మికుల మేలుకే ఖర్చు పెట్టాలి.
- యజమానికి మీరు బాకీ ఉన్నా, దానికింద జీతంలో 10 శాతానికి మించి పట్టుకోకూడదు.

కాబట్టి షీట్ ఖరీదంతా ఒకే నెల జీతంలో లాగేసుకుంటానంటే అది చట్టం కాదు. మీకు చదవడం రాని అరబిక్ కాగితం మీద సంతకం పెట్టొద్దు. ముందు ఫోటో తీసి, తెలిసినవాళ్ళతో చదివించుకోండి.

మాటలతో తేలకపోతే పబ్లిక్ అథారిటీ ఫర్ మ్యాన్‌పవర్‌లో, అంటే మనం షూన్ అనే ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఇద్దర్నీ పిలిచి నెలలోగా రాజీకి చూస్తారు. కుదరకపోతే కేసు కోర్టుకి వెళ్తుంది. కార్మికుడు వేసే కేసుకి కోర్టు ఫీజు లేదు. బతాకా కాపీ, కాంట్రాక్టు, బ్యాంక్ స్టేట్‌మెంట్‌తో పాటు మీ నోట్‌బుక్ కూడా తీసుకెళ్ళండి.

ఖాదిం వీసా మీద ఉన్నవాళ్ళకి

ఇంటి పని వీసా, అంటే ఆర్టికల్ 20 మీద ఉన్నవాళ్ళకి 2015 నాటి 68వ నంబరు చట్టం వేరుగా ఉంది. రోజుకి పని 12 గంటలు దాటకూడదని, వారానికో సెలవు ఇవ్వాలని అది చెబుతోంది. అయితే అన్నా, ఈ వీసా మీద ఉండి వర్క్‌షాపులో మెషిన్ నడపడం చట్టానికి విరుద్ధం. "జీతం ఎక్కువ, రా" అని ఎవరైనా పిలిస్తే, వేలు తెగినా జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదుకి వెళ్ళిన మీరే ముందు ఇరుక్కుంటారని గుర్తుపెట్టుకోండి.

మెషిన్ దగ్గరున్న వాళ్ళు రేపు పొద్దున పని మొదలుపెట్టే ముందు ఐదు నిమిషాలు కేటాయించండి. బిట్ కొలవండి, ఒక ముక్క కోయండి, నోట్‌బుక్‌లో రాయండి. చెక్కా మిగులుతుంది, జీతమూ మిగులుతుంది.